డాక్టరు కాతరీనా షెల్లెన్‌బర్గు చరిత్రము

మహాసభా సంచికలయందు స్వకులజుల చరిత్రములను బ్రకటించుట వాడుక. మేమీ యేఁడు కులమునఁగాని దేశమునఁగాని మనకు సంబంధింపని యొక వైద్యురాలి చరిత్రమును వ్రాయఁబూనితిమి. ప్రసవవేదనకుఁ గులము లేదు గావున సోదరు లిందులకుఁ దప్పుపట్టరని నమ్ముచున్నాము.

కాతరీనా షెల్లెన్‌బర్గు 1870 నవంబరు 28వ తేదీని, అప్పుడు రష్యా సామ్రాజ్యమునను ఇప్పుడు ఉక్రెయిను దేశమునను జేరియున్న మొలోచ్నా వలససీమలో జన్మించెను. ఆమె వారు జర్మను భాష మాటలాడు మెన్నొనైటు క్రైస్తవులు, కృషీవలులు, ఆయుధము పట్టుట పాపమని నమ్మినవారు. 1874లో రష్యా ప్రభుత్వము నిర్బంధసైనికసేవను విధింపఁగా వేలకొలఁది మెన్నొనైటులు పండు పొలములను విడిచి అమెరికాకుఁ దరలిపోయిరి. షెల్లెన్‌బర్గు కుటుంబము 1879లో కాన్సాసు చేరెను. తండ్రి అబ్రహాము మెన్నొనైటు సహోదరసంఘమునఁ బెద్దగా నుండెను. తల్లి ముందుగనే గతించుటచే నింటి బరువు ఈ బాలికపైఁ బడెను. అందుచేతనే కాఁబోలు చదువు ఆలసించెను. హోమియోపతి వైద్యకళాశాలలోఁ జదివి 1907లోఁ బట్టము పొందునప్పటికి ఆమె వయస్సు ముప్పదియాఱు. ఇరువదియేండ్లకే చదువు మించిపోయినదని పుస్తకము మూసినవారిని మేము పాఠశాలలో నున్నకాలమున నెందఱనో చూచితిమి.

ఆ యేఁడే ఆమె హైదరాబాదు రాజ్యమునకు వచ్చెను. ఆ సంఘమువారు మన దేశమునకుఁ బంపిన వైద్యులలో నామెయే మొదటిది. రాజధానికి సుమారు 80 మైళ్ల దూరమున నున్న నాగరుకర్నూలు ఆమె తొలి కార్యస్థానములలో నొకటి.

ఆనాఁటి యీ సీమను దలఁచికొనుఁడు. కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల సంస్థానము, కృష్ణ కావల వనపర్తి, కొల్లాపురము, వానికిఁ దోడు నైజాముగారి దివానీ గ్రామములు, పిదప నల్లమల. వానకాలమున బండ్లు దిగఁబడు బాటలు. మశూచి గాని గత్తర గాని వచ్చినపుడు గ్రామదేవతకు జాతర చేయుటయే పల్లెవారికిఁ దోఁచిన చికిత్స. దిగుడుబావి నీరు త్రాగినవారి కాళ్లలో నారికురుపు లేవఁగా, దారమువంటి యా పురుగును బుల్లకుఁ జుట్టి దినమునకుఁ గొంచెముగా లాగుచుండెడివారు. తొలకరికి మంచముపట్టిన రైతు ఆ యేఁటి పంటను గోలుపోయెడివాఁడు. ఆ పీడ మన దేశమునుండి తొలఁగుటకు 1996వ సంవత్సరమువఱకుఁ బట్టినది.

ఇంక స్త్రీల యవస్థ చెప్పనలవికాదు. బిడ్డ యడ్డము తిరిగినచో మంత్రసాని చేయఁగలిగినది స్వల్పము. మగవైద్యునిఁ బిలుచుటకుఁ బెద్దయిండ్లలో ఘోషా యడ్డము, పేదయిండ్లలో దూర మడ్డము. అంటరానివారని త్రోయఁబడినవారికి వైద్యుఁ డుండియు లేనట్లే. వారి నాడి పట్టుటకు మైల యడ్డమయ్యెను. ఈ మూఁడడ్డములను దాఁటవలెనన్న ఆఁడుది యైన వైద్యురాలు, అందును గులపట్టింపు లేనిది, పల్లెకు సమీపమున నుండవలెను. మతబోధ ఆమెను బంపినవారి ప్రధానోద్దేశము. దానిని దాఁచుట చరిత్ర వ్రాయువారికిఁ దగదు. దాని గుణదోషవిచారముతో నిచట మాకుఁ బని లేదు.

చరకుఁడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను: వైద్యుఁడు, ఔషధము, పరిచారకుఁడు, రోగి. పరిచారకునకు సేవావిధానము నెఱుఁగుట, నేర్పు, రోగియం దనురాగము, శౌచము నను గుణములు గావలెనని గూడ నియమించెను. షెల్లెన్‌బర్గు తెచ్చినది మొదటి పాదమే. ఔషధము దూరమునుండి రావలెను. పరిచారికలు ఈ పల్లెలనుండియే తయారు గావలెను. రోగి యన్ననో, నాటువైద్యములన్నియుఁ దీఱి వ్యాధి ముదిరినపిదపఁ గాని గడప త్రొక్కఁడు.

ఆమె గొప్పతనము నేదేని యొక యద్భుతచికిత్సతోఁ గొలువ మాకిష్టము లేదు. ఆమె నిలిచెను. పెండ్లియాడలేదు, సెలవులకు స్వదేశమునకుఁ బోయినను మరల వచ్చెను. 1928 ప్రాంతమున హైదరాబాదునకు దక్షిణమున శంషాబాదులో నాసుపత్రి యేర్పడఁగా నందుఁ బనిచేసెను. ముప్పదియేడేండ్లు మన దేశముననే గడపి, 1945 జనవరి 1వ తేదీని డెబ్బదినాలుగేండ్ల వయస్సునఁ గన్నుమూసెను. ఆ సంఘమువారి వైద్యకార్యమునకుఁ దరువాత జడ్చర్ల కేంద్రమయ్యెను.

నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాలలు 2016లో జిల్లాలైనవి. మొదటి రెంటికి 2022లో, గద్వాలకు 2024లో సర్కారు వైద్యకళాశాలలు వచ్చినవి. మొదటి పాదమునకు లోటు తీఱుచున్నది. పరిచారకపాద మింకను గుంటుచున్నది. నల్లమల యంచు పల్లెలలో రాత్రివేళ నొక్క నర్సమ్మ తోడు దొరకుటయే పెద్ద భాగ్యము. సంఘనిధినుండి నర్సింగు చదువు కన్యకలకు వేతన మిచ్చు ప్రతిపాదన యీ మహాసభ ముందున్నది. చదువు ముగిసినపిదప మూఁడేండ్లు స్వసీమలోనే పనిచేయవలెనను నియమము పెట్టవలెనా వలదా యని సభ్యులలో భిన్నాభిప్రాయము లున్నవి. పట్టణమునఁ జీతము హెచ్చు గావున బాలికల దారికి అడ్డు రారాదని కొందఱనుట న్యాయమే. అయినను మేము నియమము వలయుననువారి పక్షమున నున్నాము. అంతకాలమును పట్టణపు జీతమునకు సరిపడు వెలితిని సంఘమే భరింపవలెనని దాతలను గోరుచున్నాము.