కాటన్ దొర మురుగు కాలువలనూ లెక్కలో వేశారు

గోదావరి డెల్టా రైతులకు సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) గురించి కొత్తగా చెప్పాలా? ఆయన విగ్రహానికి మీరే దండ వేసి ఉంటారు. కానీ ఆయన రాకముందు ఈ నేల పరిస్థితి వేరు. 1832-33లో కరువు, 1839లో కోరంగి తుఫాను. ఒక ఏడు నీళ్లు లేక, మరో ఏడు నీళ్లు ఎక్కువై చావు.

కాటన్ ముందు కావేరి మీద చోళులు కట్టిన పాత ఆనకట్టను చూసి నేర్చుకున్నారు. (మన పాతవాళ్ల పనితనమే!) 1847లో ధవళేశ్వరం దగ్గర, నది మధ్య లంకలను ఆసరా చేసుకుని నాలుగు భాగాలుగా ఆనకట్ట మొదలుపెట్టి, 1852కి పూర్తి చేశారు. ఆయన ప్రతిపాదనలో పంట కాలువలతో పాటు వరద గట్లు, మురుగు కాలువలు కూడా ఉన్నాయి.

మీ పొలం పక్క మురుగు కాలువలో గుర్రపుడెక్క, పూడిక ఉంటే తొలకరికి ముందే పక్క రైతులతో కలిసి తీయించండి. నాట్లు మునిగాక అందులో దిగడం కష్టం.