టైరును విప్పదీసిన చిత్రకారుడు

ఒక వస్తువును క్రొత్తగా సృష్టించినవానిని లోకము సులభముగా గుర్తుంచుకొనును. ఆ వస్తువు చెడినప్పుడు బాగుచేసికొను ఉపాయము చెప్పినవానిని అంతగా తలచుకొనదు. కాని బాగుచేసికొన వీలులేని యంత్రము ధనవంతుని ఇంట విలాసవస్తువుగా మిగులునే తప్ప పదిమందికి పనిముట్టు కాజాలదు. నేడు మోటారు సైకిలు చక్రములో మేకు దిగినచో, దానిని బాటప్రక్కనే విప్పి, ట్యూబునకు అతుకు వేసి, కొంతసేపటికే ప్రయాణము సాగించుచున్నారు. ఈ సౌకర్యమునకు బాట వేసినవారిలో ఫ్రాన్సు దేశీయుడైన ఎడువార్ మిషెలిన్ ముఖ్యుడు.

ఎడువార్ 1859 జూన్ 23వ తేదీన పారిస్ నగరములో జన్మించినాడు. తండ్రి జూల్ మిషెలిన్ సుంకముల శాఖలో ఉద్యోగి, చిత్రకళలో ప్రవేశమున్నవాడు. అన్న ఆంద్రే ఇంజనీరు అయినాడు. ఎడువార్ మనస్సు మాత్రము చిత్రలేఖనము మీదనే నిలిచినది. పారిస్ లలితకళా విద్యాలయములో చేరి, బూగరో అను ప్రఖ్యాత చిత్రకారునివద్ద శిష్యరికము చేసినాడు.

క్లెర్మోం-ఫెరాన్ పట్టణములో తల్లివైపు తాత భాగస్వామిగా నెలకొల్పిన కర్మాగారమొకటి ఉండెడిది. 1832 నాటి ఆ సంస్థ వ్యవసాయ యంత్రములను, రబ్బరు సామానును తయారుచేసెడిది. తాత గతించిన తరువాత అది క్రమముగా క్షీణించి, మూతపడు స్థితికి వచ్చినది. కుటుంబము ఆ భారమును సోదరులపై మోపినది. ముప్పదియేండ్లయినను నిండని ఎడువార్ కుంచెను ప్రక్కనబెట్టి, రబ్బరు వాసనలో నిలిచినాడు. 1889లో ఆ సంస్థకు మిషెలిన్ పేరు వచ్చినది.

అంతకు కొద్దికాలము ముందే, 1888లో, బెల్‌ఫాస్టులో పశువైద్యుడుగానున్న జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందియుండెను. గట్టి రబ్బరు చక్రములపై ఎముకలు కదలిపోవునట్లు తిరిగినవారికి గాలిపై సాగిన సవారీ స్వర్గతుల్యమయినది. కాని ఆ టైరును చక్రపు అంచునకు జిగురుతో అతికించెడివారు. రంధ్రము పడినచో బాటసారి గతి దైవాధీనమే.

అట్టి టైరు గల సైకిలుతో ఒకడు ఒకనాడు ఎడువార్ కర్మాగారమునకు వచ్చినాడు. జిగురు ఊడదీసి, రంధ్రము మూసి, తిరిగి అతికించుటకు మూడు గంటలు పట్టినది. అది ఆరుటకు రాత్రియంతయు పట్టినది. మరునాడు ఎడువార్ తానే ఆ సైకిలెక్కి బయలుదేరినాడు. కొంతదూరము పోవునప్పటికే టైరు తిరిగి చదునయినది. ఆ స్వల్ప ప్రయాణమునుండి ఆయన రెండు సత్యములు గ్రహించినాడు. గాలి టైరుకు సాటి లేదు; కాని నిమిషములలో బాగుచేయ వీలుకానిచో అది లోకమునకు పనికిరాదు.

1891లో ఎడువార్ విప్పదీయగల టైరుకు పేటెంటు తీసికొన్నాడు. జిగురు పోయి, దాని స్థానమున మరలు వచ్చినవి. మరలు విప్పి, లోపలి ట్యూబును తీసి, అతుకు వేసి, తిరిగి బిగించుటకు పదునైదు నిమిషములు చాలెడివి. నైపుణ్యముగల పనివాడే కానక్కరలేదు. సైకిలు తొక్కువాడే చేసికొనవచ్చును.

ఆ సంవత్సరము సెప్టెంబరులో పారిస్ నుండి బ్రెస్ట్ వరకు వెళ్లి తిరిగివచ్చు సైకిలు పందెము జరిగినది. దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. మిషెలిన్ టైర్లతో పాల్గొన్న షార్ల్ తెరోం దారిలో పంక్చరయినను బాగుచేసికొని, 71 గంటల 22 నిమిషములలో మొదటివాడుగా చేరినాడు. మరుసటి ఏట సోదరులు పారిస్ నుండి క్లెర్మోం-ఫెరాన్‌కు తామే పందెము పెట్టి, దారిలో మేకులు చల్లించినారు! తమ వస్తువు చెడదని చాటుటకు కాదు. చెడినను భయము లేదని చూపుటకు.

ఇట్టి ప్రయత్నము ఆయన ఒక్కనిదే కాదు. ఇంగ్లండులో వెల్చ్ 1890లోనే టైరు అంచులలో తీగ అమర్చి, జిగురు లేకుండ నిలుపు పద్ధతి కనుగొన్నాడు. నేటి మోటారు సైకిలు టైరు అంచులలో ఉన్నదీ తీగయే. పంక్చరు వేయువాడు ఇనుప లీవర్లతో పైకి లాగునది ఆ అంచునే. ట్యూబునకు గాలికొట్టి నీటిలో ముంచి, బుడగలు వచ్చుచోటును గుర్తించి, గరుకు కాగితముతో రుద్ది అతుకు వేయును. టైరు లోపల తడిమి మేకును తీసివేయనిచో ఆ శ్రమయంతయు వ్యర్థము. ట్యూబు లేని టైర్లు వచ్చినను ఆ సూత్రము మారలేదు.

1895లో పారిస్-బోర్డో-పారిస్ మోటారు పందెమునకు సోదరులు గాలి టైర్ల కారుతో తామే బయలుదేరినారు. అడుగడుగున పంక్చర్లు, గడువు దాటినది. అయినను గమ్యము చేరినారు. 1900లో వారు మోటారు యాత్రికులకు ఉచితముగా పంచిన మార్గదర్శిలో టైరు మార్చు విధానమును గూడ వివరించినారు. తెలిసిన విద్యను దాచక పంచుటవలననే వారి వ్యాపారము వర్ధిల్లినది.

వార్ధక్యము మాత్రము ఎడువార్‌ను కనికరింపలేదు. 1931లో అన్న మరణించినాడు. 1932లో విమాన ప్రమాదమున కుమారుడు ఎతియెన్, 1937లో కారు ప్రమాదమున కుమారుడు పియెర్ మరణించినారు. ప్రయాణములను సుగమము చేసిన తండ్రికి ప్రయాణములే పుత్రశోకము మిగిల్చినవి. జర్మను సేనలకు ఫ్రాన్సు లొంగిన 1940లోనే, ఆగస్టు 25వ తేదీన, ఆయన కన్నుమూసినాడు.

ఆయన గీసిన చిత్రములను నేడు ఎరిగినవారు అరుదు. కాని బాటప్రక్కన పంక్చరు వేయు ప్రతి పనివాని చేతిలోను ఆయన ఆశయము సజీవముగా నున్నది. చెడని వస్తువు లోకములో లేదు. చెడినదానిని సామాన్యుడే సరిదిద్దుకొనగలుగునట్లు చేయుటయే నిజమైన శాస్త్రసేవ.