గోడల్లో ఎండను దాచిన శాస్త్రవేత్త.. ‘సన్ క్వీన్’ మారియా టెల్కెస్ కథ ఇదీ!

బయట మంచు. ఇంట్లో బొగ్గు పొయ్యి లేదు, ఆయిల్ హీటర్ అసలే లేదు. అయినా గదులు వెచ్చగానే ఉన్నాయి. 1948లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, డోవర్‌లో కట్టిన ఆ ఇంటి సీక్రెట్ ఏంటో తెలుసా? గదుల మధ్య గోడల్లో దాచిన దాదాపు 21 టన్నుల ఉప్పు! ఆ ఐడియా మారియా టెల్కెస్‌ది. అప్పట్లో అమెరికా పత్రికలు ఆమెను ‘సన్ క్వీన్’ అని పిలిచేవి.

బుడాపెస్ట్ నుంచి అమెరికాకు..

1900 డిసెంబర్ 12న హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో టెల్కెస్ పుట్టారు. అక్కడే ఫిజికల్ కెమిస్ట్రీలో 1924లో డాక్టరేట్ అందుకున్నారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి, క్లీవ్‌లాండ్‌లో బయోఫిజిసిస్ట్‌గా చేరారు. 1937లో ఆ దేశ పౌరసత్వం వచ్చింది. కానీ ఆమె మనసంతా సూర్యుడి మీదే. 1940 ప్రాంతంలో ఎంఐటీ సౌరశక్తి ప్రాజెక్టులో అడుగుపెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, సముద్రంలో చిక్కుకున్న సైనికుల కోసం ఓ పరికరం తయారు చేశారు. ఎండ వేడితో ఉప్పునీటిని ఆవిరి చేసి, రోజుకు దాదాపు లీటరు మంచినీళ్లు ఇచ్చే తేలికపాటి ప్లాస్టిక్ పరికరం అది.

కొబ్బరి నూనె లెక్కే..

ఉప్పు గోడ ఎలా పనిచేస్తుంది? చలికాలంలో సీసాలో కొబ్బరి నూనె గడ్డకడుతుంది కదా, ఎండలో పెడితే కరుగుతుంది. కరిగేటప్పుడు అది వేడిని లోపలికి తీసుకుంటుంది, మళ్లీ గడ్డకట్టేటప్పుడు ఆ వేడినే బయటకు వదిలేస్తుంది. ఇలాంటి వాటినే ఫేజ్ ఛేంజ్ మెటీరియల్స్ అంటారు.

టెల్కెస్ ఎంచుకున్నది గ్లాబర్ సాల్ట్. ఇది సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చవక కూడా! అంతే చోటులో నీళ్ల కంటే కొన్ని రెట్లు ఎక్కువ వేడిని దాచుకుంటుంది. డోవర్ ఇంటి పైభాగంలో దక్షిణం వైపు 18 కిటికీలు పెట్టారు. వాటి అద్దాల వెనక వేడెక్కిన గాలిని ఫ్యాన్లు ఉప్పు డబ్బాల దగ్గరకు పంపేవి. పగలు కరిగిన ఉప్పు, చల్లబడ్డాక గడ్డకడుతూ గదులకు వేడి ఇచ్చేది.

ఈ ప్రయోగం వెనక ఉన్న ముగ్గురూ మహిళలే కావడం విశేషం. డిజైన్ చేసింది ఆర్కిటెక్ట్ ఎలినార్ రేమండ్. డబ్బు పెట్టింది శిల్పి అమీలియా పీబాడీ. ఇక అందులో కాపురం పెట్టింది టెల్కెస్ బంధువుల కుటుంబమే.

మూడో చలికాలంలో దెబ్బ

మొదటి రెండు చలికాలాలు సాఫీగా గడిచాయి. మూడో ఏడాది మొదలైంది అసలు తలనొప్పి. కరిగినప్పుడు ఉప్పులో బరువైన భాగం అడుగుకు చేరి పేరుకుపోయింది. నీళ్లు పైన, ఉప్పు కింద! చల్లబడినా రెండూ పూర్తిగా కలవలేదు. అలా ప్రతిసారీ వేడిని దాచుకునే శక్తి తగ్గుతూ వచ్చింది. డబ్బాలు తుప్పుపట్టి లీకయ్యాయి. ఇల్లు చల్లబడిపోయింది. చివరికి ఆ సిస్టమ్‌ను తీసేసి మామూలు హీటర్ పెట్టాల్సి వచ్చింది.

ఈ ఉప్పు మీద ఎంఐటీలో ముందు నుంచే కొందరికి నమ్మకం లేదు. 1953లో టెల్కెస్ అక్కడి ఉద్యోగం కూడా కోల్పోయారు.

అయినా ఆగలేదు..

ఆమె మాత్రం తప్పు ఎక్కడుందో వెతుకుతూనే ఉన్నారు. కరిగిన ఉప్పు టైమ్‌కి గడ్డకట్టేలా కొద్దిగా బోరాక్స్ కలిపే పద్ధతిని 1952లోనే ప్రచురించారు. న్యూయార్క్ యూనివర్సిటీకి వెళ్లాక, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో వంటచెరకు అక్కర్లేని సోలార్ ఓవెన్ రూపొందించారు. 1973లో డెలావేర్ యూనివర్సిటీ కట్టిన ‘సోలార్ వన్’ ఇంట్లో మళ్లీ ఉప్పుతోనే వేడిని నిల్వ చేశారు. అప్పటికి ఆమె వయసు 70 దాటింది! ఆమె పేరు మీద 20కి పైగా పేటెంట్లు ఉన్నాయి.

1995 డిసెంబర్ 2న, పుట్టిన ఊరు బుడాపెస్ట్‌కు వెళ్లినప్పుడు అక్కడే కన్నుమూశారు. మరో 10 రోజులు ఉంటే 95 ఏళ్లు నిండేవి. 2012లో అమెరికా నేషనల్ ఇన్వెంటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకు చోటు దక్కింది. 2022లో ఆమె పుట్టినరోజున గూగుల్ డూడుల్ కూడా పెట్టింది.

ఇప్పుడు గోడల్లోకి మళ్లీ..

ఇప్పుడు ఉప్పు డబ్బాలకు బదులు, సన్నటి గుళికల్లో మైనం నింపి జిప్సం బోర్డుల్లో కలుపుతున్నారు. వేడి ప్రాంతాల్లో ఇది ఏసీ మీద భారం తగ్గిస్తుంది. పగటి వేడిని గోడే మింగేస్తుంది కాబట్టి గది త్వరగా కాగిపోదు. అయితే ఒక్క షరతు.. రాత్రి చల్లగాలి తగిలి ఆ మైనం మళ్లీ గడ్డకట్టాలి. లేదంటే మర్నాడు గోడ పనిచేయదు. డోవర్ ఇంట్లో టెల్కెస్‌ను ఇబ్బంది పెట్టిందీ ఇలాంటి చిక్కే. కరిగించడం తేలికే, మళ్లీ గడ్డకట్టించడమే కష్టం!