కలం కదలని సంగీతకర్త – మారిస్ రవెల్

మా పెదనాన్నగారు రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైనవారు. ఆ తరువాత కొన్నాళ్ళకు పక్షవాతం వచ్చి కుడిచేయీ, మాటా ఒక్కసారే పడిపోయాయి. దాహం వేస్తే నీళ్ళనే మాట నోట రాక ఎడమచేత్తో సైగ చేసేవారు. అటువంటి మనిషి మన సంఘంవారి శ్రీరామనవమి భజనలో కూర్చుని, అందరితోపాటు ఒక కీర్తన పల్లవిని మాటలతో సహా పాడారు. భజన ముగిశాక మంచినీళ్ళు కావాలా అని అడిగితే మళ్ళీ సైగే. చూసినవారు భగవంతుని లీల అన్నారు. నాకు మాత్రం ఇది ఎట్లా సాధ్యమన్న ప్రశ్న మనసులో వుండిపోయింది. నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినవాణ్ణి. అయినా ఆ ప్రశ్న పట్టుకుని దొరికిన పుస్తకాలు చదువుతూ పోగా ఫ్రాన్సు దేశపు సంగీతకర్త మారిస్ రవెల్ చరిత్ర తటస్థించింది. పెదనాన్నగారికి మాట పోయి పాట మిగిలింది. రవెల్‌కు సంగీతం లోపల నిలిచివుండి, బయటకు వచ్చే దారి మూసుకుపోయింది. ఉగాది సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఆయన కథే రాయాలనిపించింది.

రవెల్ 1875 మార్చి 7వ తేదీన, స్పెయిను సరిహద్దుకు దగ్గరగా వున్న సిబూర్ అనే సముద్రతీర గ్రామంలో జన్మించారు. తండ్రి స్విట్జర్లాండులో పుట్టిన ఇంజనీరు. ఆయన స్పెయినులో రైలుమార్గాల పని మీద వుండగా, బాస్కు జాతికి చెందిన మారీతో పరిచయమై, అది వివాహానికి దారితీసింది. రైల్వేవాణ్ణి గనుక ఈ సంగతి చదివి నాకు కొంచెం సంతోషం కలిగిన మాట దాచను. పిల్లవానికి మూడు నెలలు నిండేసరికి కాపురం పారిస్‌కు మారింది. తండ్రికి యంత్రాలన్నా, సంగీతమన్నా సమానమైన మక్కువ. ఆ రెండూ కొడుక్కీ అబ్బాయి.

1889లో ఆయన పారిస్ సంగీత కళాశాలలో చేరారు. చదువు సాఫీగా సాగలేదు. రోమ్ బహుమతి అనే ప్రసిద్ధమైన పోటీకి 1900 – 1905 సంవత్సరాల మధ్య 5 సార్లు కూర్చున్నా మొదటి బహుమతి దక్కలేదు. చివరిసారి తొలి వడపోతలోనే తీసివేశారు. అప్పటికే పేరుపడ్డ మనిషిని ఇలా చేసినందుకు పత్రికల్లో పెద్ద గొడవ జరిగింది. ఆ యేడే ఆయన గురువు ఫోరే కళాశాలకు డైరెక్టరయ్యారు. బహుమతి మాత్రం రానేలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు రవెల్‌కు 39 ఏళ్ళు. పొట్టిమనిషి, బక్కపలచటి శరీరం. అయినా పట్టుబట్టి సైన్యంలో లారీ డ్రైవరుగా చేరి, 1916లో వెర్డూన్ ప్రాంతంలో పనిచేశారు. 1917 జనవరిలో తల్లి పోయింది. ఆయన పెళ్ళి చేసుకోలేదు. తల్లే ఆయనకు లోకం. యుద్ధంలో చనిపోయిన మిత్రులకు ఒక్కొక్క భాగం అంకితమిస్తూ ఆయన పియానో మీద రచించిన కృతి ఆ రోజులదే. 1921లో పారిస్‌కు కొంత దూరాన మోంఫోర్ లామోరీ అనే ఊళ్ళో చిన్న యిల్లు కొని, కీ యిస్తే ఆడే బొమ్మలతో నింపుకుని, ఒంటరిగా జీవించారు.

1928 నవంబరులో పారిస్‌లో ప్రదర్శించిన బొలేరో ఆయన పేరును ప్రపంచమంతటా చాటింది. ఈడా రూబిన్‌స్టైన్ అనే నర్తకి కోరికపై రాసినది. ఒకే దరువు మొదటినుంచి చివరివరకు 169 సార్లు మోగుతుంది. మీద తిరిగేవి రెండు వరుసలే. వాయిద్యాలు ఒకటొకటిగా వచ్చి చేరుతూ పావుగంటసేపు ధ్వని పెరుగుతూ పోతుంది. ఇంతగా ఒకదాన్నే తిప్పితిప్పి చెప్పడం రాబోయే రోగానికి తొలి లక్షణమని ఈమధ్య కొందరు వైద్యులు రాశారు. నాకిది నచ్చలేదు. ఆయన దాన్ని తెలిసి, లెక్కగట్టి చేశారు. దాని తరువాత రాసిన రెండు పియానో కచేరీ కృతుల్లో ఆ పునరుక్తి ఏది? వాటిలో ఒకటి, యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే విద్వాంసుని కోసం ఎడమచేతితో మాత్రమే వాయించేటట్టు కూర్చినది. ఆ రెండూ 1932 జనవరిలో సభకెక్కాయి.

ఆ యేడు అక్టోబరులో పారిస్‌లో ఆయన ఎక్కిన టాక్సీ ప్రమాదానికి గురై దెబ్బలు తగిలాయి. అంతకుముందే రాతలో కొంత తడబాటు మొదలైంది. ప్రమాదం తరువాత అది వేగంగా ముదిరింది. మరుసటి యేడు సముద్రంలో ఈదుతూ, బాగా ఈత వచ్చిన మనిషికి కాళ్ళూ చేతులూ ఎట్లా ఆడించాలో తెలియకుండా పోయింది. అక్షరాలు రాయడం మరచిపోసాగారు. ఒక చిన్న ఉత్తరం రాయడానికి నిఘంటువు పక్కన పెట్టుకుని, అక్షరాల రూపం చూసుకుంటూ ఎనిమిది రోజులు తీసుకున్నారు. డాన్ క్విక్సోట్ మీద రాసిన మూడు పాటలే ఆఖరి రచన అయ్యాయి. అవి కూడా స్నేహితుల చేయూతతో పూర్తయినవే.

ఇక్కడ చదువరులు ఒక సంగతి గమనించాలి. మన వాగ్గేయకారులు పాడితే శిష్యులు విని నేర్చుకుని, రాసుకుని నిలబెట్టారు. త్యాగరాజస్వామి కృతులు మనకు దక్కింది ఆ విధంగానే. పాశ్చాత్య సంగీతకర్త సంగతి వేరు. వాయిద్యబృందంలో ప్రతి వాయిద్యమూ ఏ క్షణాన ఏ స్వరం పలకాలో అతడే కాగితం మీద పెట్టాలి. చేతిరాత పోతే అతనికి కృతే పోయినట్టు.

అలాజువానిన్ అనే నరాలవైద్య నిపుణుడు రవెల్‌ను చాలాకాలం పరీక్షించి, 1948లో ఒక ఇంగ్లీషు వైద్యపత్రికలో వివరాలు ప్రకటించారు. పక్షవాతం లేదు. బుద్ధి చెడలేదు. తన కృతులను వింటే వెంటనే పోల్చేవారు. వాయించేవారు ఒక్క స్వరం తప్పినా, లయ తప్పినా పట్టేవారు. పియానో శ్రుతి తగ్గితే తెలిసేది. కాని కాగితం మీది స్వరాలను చూసి వాయించలేకపోయేవారు. స్వరం పేరు చెప్పడం, విన్నదాన్ని రాయడం చాలా కష్టమయ్యేది, తప్పులు దొర్లేవి. మొదటి స్వరం అందిస్తే కొన్ని తన పాటలను జ్ఞాపకం మీద పాడగలిగేవారు. జోన్ ఆఫ్ ఆర్క్ కథతో ఒక గేయనాటకం తలలో సిద్ధంగా వున్నదనీ, తనకు వినిపిస్తున్నదనీ, ఇక రాయలేననీ మిత్రులతో చెప్పుకునేవారట. వింటున్నదంతా లోపలే మిగిలిపోతున్నదని తెలిసి నాలుగైదేళ్ళు బ్రతకడం ఎటువంటిదో నాకు ఊహకు అందదు.

చాలామందికి మాట మెదడు ఎడమభాగం మీద ఆధారపడి వుంటుంది. సంగీతం పని రెండు భాగాల్లోనూ విస్తరించి వుంటుంది. అందుచేత ఒకటి పోయినా కొందరిలో రెండవది పూర్తిగా పోదు. రష్యాలో షెబాలిన్ అనే సంగీతకర్తకు 1953లోనూ, 1959లోనూ మెదడుకు దెబ్బ తగిలి మాట బాగా పోయింది. ఎదుటివారి మాట కూడా సరిగా అర్థమయ్యేది కాదు. అయినా 1963లో చనిపోయేలోపు అయిదవ సింఫనీ పూర్తిచేశారు. అమెరికాలో బోస్టన్ వైద్యులు 1973లో, మాట పోయినవారిచేత చిన్నచిన్న వాక్యాలను రాగయుక్తంగా పలికిస్తూ, ఎడమచేత్తో తాళం వేయించే చికిత్సను ప్రకటించారు. అందరికీ గుణమివ్వదు గాని కొందరికి మాట కొంత తిరిగి వస్తుంది. పెదనాన్నగారు వున్నప్పుడు మా యింట్లో ఎవరికీ ఇది తెలియదు. భజనకు తీసుకువెళ్ళేవాళ్ళం, తీసుకువచ్చేవాళ్ళం. నీళ్ళు అనే మాటను కూడా పాట చేసి పలికించి చూడాలని ఎవరికి తోచింది?

రవెల్ రోగం ఏమిటో నేటికీ తేలలేదు. మెదడు క్రమంగా క్షీణించే జబ్బు అని చాలామంది అభిప్రాయం. 1937 డిసెంబరు మూడవ వారంలో క్లోవిస్ వాన్సాన్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు, కంతి ఏదైనా వున్నదేమోనని పుర్రె తెరిచి చూశాడు. కంతి లేదు. శస్త్రచికిత్స తరువాత రవెల్ కొద్దిసేపు కళ్ళు తెరిచి, తమ్ముడు ఎడ్వర్డ్ కోసం అడిగారు. మళ్ళీ స్పృహ తప్పింది. డిసెంబరు 28వ తేదీన, 62వ యేట, కన్నుమూశారు. పారిస్ పక్కనే వున్న లెవల్వా శ్మశానంలో తల్లిదండ్రుల సమాధి దగ్గరే ఆయననూ వుంచారు.