గుండె ఇంధనాన్ని కనుగొన్న యల్లాప్రగడ సుబ్బారావు

మరణించిన వ్యక్తి గుండెను మరొకరికి అమర్చి బ్రతికించే రోజులివి. 2023లో విశాఖపట్నం నుంచి విమానంలో తెచ్చిన గుండెను తిరుపతిలో ఒక బాలుడికి అమర్చారు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాసులకు ఈ చికిత్స ఇప్పుడు దూరదేశపు వింత కాదు. అయితే శరీరం నుంచి వేరుచేసిన గుండె చెడిపోకుండా ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు వెదికితే ఒక తెలుగువాని జీవితం ఎదురవుతుంది. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బీద కుటుంబం. తండ్రి చిన్న వయసులోనే పోయారు. మెట్రిక్ పరీక్ష మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. తల్లి వెంకమ్మగారు నగలమ్మి కొడుకును చదివించారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా పూర్తి డిగ్రీ దక్కక, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే పేగుల వ్యాధికి బలయ్యారు. తానూ అదే జబ్బుతో చావు అంచు దాకా వెళ్ళి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు.

భార్యను పుట్టింట వదిలి అమెరికా వెళ్ళారు. బోస్టన్ ఆసుపత్రిలో రాత్రిళ్ళు రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రంచేస్తూ పొట్ట పోసుకున్నారు. హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధనకు కుదిరి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కండరాలలో గుర్తించారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా అదే ఏడు ఎ.టి.పి.ని విడిగా కనుగొన్నారు.

ఎ.టి.పి. అంటే కండరానికి ఇంధనం. గుండె కూడా కండరమే. అది కొట్టుకునే ప్రతిసారీ ఈ ఇంధనం ఖర్చవుతుంది. నిల్వ కొన్ని క్షణాలకే సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ ఆపద్ధనంలా కాసేపు ఆదుకుంటుంది. రక్తం ఆగితే రెండూ అడుగంటిపోతాయి.

విచిత్రమేమంటే, రక్తం ఆగినప్పుడే కాదు, తిరిగి వచ్చినప్పుడూ గుండెకు గాయమవుతుంది. ఇంధనం లేని కణాల్లోకి సున్నపు లవణం, అంటే కాల్షియం, పొంగిపొరలుతుంది. రక్తంతో హఠాత్తుగా వచ్చిన ప్రాణవాయువు నుంచి విషపదార్థాలు పుట్టి కణాల పొరలను కాల్చివేస్తాయి. పులివెందుల చీనీ రైతుకు ఈ సంగతి తెలియంది కాదు. బెట్టకు వదిలిన చెట్లకు ఒక్కసారిగా నిండా నీరు పెడితే పూత, పిందె రాలిపోతాయి. మొదట పలుచని తడి ఇచ్చి, క్రమంగా పెంచాలి.

వైద్యులు చేసేదీ దాదాపు ఇదే. పొటాషియం ఎక్కువగా ఉన్న చల్లని ద్రావణాన్ని ఎక్కించి గుండెను నిశ్చలం చేస్తారు. మంచులో ఉంచి తరలిస్తారు. కొట్టుకోని, చల్లబడిన గుండెకు ఇంధనం ఖర్చు తక్కువ. అలా ఉంచినా సాధారణంగా నాలుగు గంటలే గడువు. కొత్త ఒంటిలో కుట్టాక రక్తాన్ని తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, గుండె తేరుకునేదాకా దానిపై భారం పడకుండా యంత్రంతో ఆదుకుంటారు. అవయవాలను నిల్వచేసే ఒక ప్రసిద్ధ ద్రావణంలో అడినోసిన్ కలుపుతారు. కణం మళ్ళీ ఎ.టి.పి. తయారుచేసుకోవడానికి అది ముడిసరుకు. సుబ్బారావుగారు ఈ చికిత్సను ఊహించి ఉండరు. అయినా గుండెలో కాపాడవలసిన నిధి ఏమిటో తెలిపిన ఇద్దరు ముగ్గురిలో ఆయన ఒకరు.

హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. సోదరులను బలిగొన్న స్ప్రూకు మందయిన ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందమే కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలుకు హెట్రజాన్, తరువాత ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షణలో వచ్చినవే.

1948 ఆగస్టులో న్యూయార్కులో, నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. వయసు 53. స్వదేశాన్ని, భార్యను మళ్ళీ చూడనేలేదు. పసితనంలోనే పోయిన కొడుకు ముఖమూ ఎరుగరు. 1967లో కేప్‌టౌన్‌లో తొలి మానవ గుండె మార్పిడి జరిగింది. 1994 ఆగస్టు 3న ఢిల్లీలో మనదేశపు తొలి విజయవంతమైన గుండె మార్పిడి చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ కూడా మన తెలుగువారే.

ప్రియ పాఠకులారా, ఎంత విజ్ఞానమున్నా ఇచ్చే చేయి లేకపోతే ఆ నాలుగు గంటలు ఎవరికీ దక్కవు. తీరని దుఃఖంలో ఉన్న కుటుంబం అప్పటికప్పుడు ఆలోచించి నిర్ణయించడం కష్టం. కనుక అవయవదానం గురించి మన విచారణలోని ప్రతి ఇంటా, అందరూ క్షేమంగా ఉన్నప్పుడే ఒకమాట అనుకుని ఉంచడం మేలు.