తూర్ బిషప్పు మార్టిన్ – ఒక పేరు కథ

మన సంఘములలో మార్టిన్ అను పేరు విననివారుండరు. అయితే ఆ పేరు బైబిలులో లేదు. అది లాటిను పేరు. రోమీయుల యుద్ధదేవుడైన మార్స్ పేరునుండి పుట్టినది. అన్యదేవుని పేరు క్రైస్తవ గృహములలోనికి ఎట్లు వచ్చెను? ఒక భక్తుని జీవితమే దానికి కారణము.

మార్టిన్ సుమారు క్రీ.శ. 316లో, నేటి హంగరీ దేశమందలి సబారియా పట్టణమున జన్మించెను. తండ్రి రోమా సైన్యములో అధికారి, అన్యమతస్థుడు. సైనికుని కుమారునికి యుద్ధదేవుని పేరు తగినదే. కాని బాలుడు పదేండ్ల ప్రాయముననే తలిదండ్రుల ఇష్టమునకు విరోధముగా సంఘమును ఆశ్రయించెను. అప్పటి చట్టమునుబట్టి సైనికుల కుమారులు సైన్యములో చేరవలెను గనుక ఆయనకును కత్తి పట్టక తప్పలేదు.

ఫ్రాన్సులోని ఆమియేన్ నగరద్వారమునొద్ద, గడ్డు చలికాలమున, బట్టలేని బిచ్చగాడొకడు ఆయనకు ఎదురయ్యెను. మార్టిన్ తన పైవస్త్రమును కత్తితో రెండుగా కోసి, సగము వానికి కప్పెను. ఆ రాత్రి ప్రభువే ఆ సగమును ధరించి కలలో కనబడెనని ఆయన శిష్యుడు సుల్పీసియుస్ సెవెరుస్ వ్రాసియున్నాడు. పిమ్మట ఆయన బాప్తిస్మము పొంది, సైన్యమును విడిచి, సన్యాసజీవితము అవలంబించెను. సుమారు 371లో తూర్ ప్రజలు ఆయనను బిషప్పుగా కోరుకొనిరి. మాసిన బట్టలు, చెదరిన జుట్టు చూచి కొందరు బిషప్పులు ఆక్షేపించినను ప్రజలు వినలేదు.

ఆయనకు గొప్ప శోధన వృద్ధాప్యమున వచ్చెను. స్పెయిను దేశపు ప్రిసిల్లియను దుర్బోధకుడని కొందరు బిషప్పులు చక్రవర్తి యెదుట నేరము మోపిరి. ఆ బోధ మార్టినుకు సమ్మతము కాదు. అయినను మతభేదమునకై రక్తము చిందింపరాదని ఆయన చక్రవర్తిని బతిమాలెను. సుమారు 385లో, ఆయన వెళ్లిన తరువాత, ట్రీర్ నగరమున ప్రిసిల్లియనుకు శిరచ్ఛేదము జరిగెను. మిగిలినవారి ప్రాణములు కాపాడుటకై మార్టిన్ ఆ బిషప్పులతో ఒక్కసారి సహవాసమునకు ఒప్పుకొనెను. అందులకు జీవితాంతము దుఃఖించెను. మరల ఏ బిషప్పుల సభకును పోలేదు.

397 నవంబరు 8న ఆయన నిద్రించెను. 11న తూర్‌లో సమాధి చేయబడెను. ఆ దినమే ఆయన పండుగ. ఫ్రాన్సులో వేలాది దేవాలయములు ఆయన పేర వెలసినవి. ఆయన వస్త్రమును భద్రపరచిన స్థలమునకు కలిగిన పేరునుండియే చాపెల్, చాప్లెయిన్ అను మాటలు వచ్చినవి. 1483లో జర్మనీలో నవంబరు 10న పుట్టిన శిశువునకు మరునాడు, అనగా ఈ భక్తుని పండుగనాడు, బాప్తిస్మమిచ్చి ఆ పేరే పెట్టిరి. అతడే మార్టిన్ లూథరు. 1934లో అమెరికాలో మైకేల్ కింగ్ అను పాస్టరు జర్మనీని దర్శించి వచ్చి, తన పేరును, తన కుమారుని పేరును మార్టిన్ లూథర్‌గా మార్చెను.

ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున ఇంగ్లండులో మగపిల్లలకు విరివిగా పెట్టిన ఈ పేరు నేడు అచ్చట అరుదైపోయినది. ఫ్రాన్సులోనైతే అన్నిటికంటె ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే.

పేర్లకు ఆదరణ వచ్చును, పోవును. మార్టిన్ బాప్తిస్మము పొందినను పేరు మార్చుకొనలేదు. కత్తిదేవుని పేరును కరుణకు గురుతుగా మార్చెను. పేరు మనిషిని పరిశుద్ధపరచదు. మనము మోయు పేరునకు మన నడతయే అర్థమిచ్చును. మన బిడ్డలకు పేరు పెట్టునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందము గాక.