జైహింద్ నినాద రూపకర్త ఆబిద్ హసన్ సఫ్రానీ

హైదరాబాద్ : జాతీయ పండుగల సందర్భంగా ప్రతి ప్రసంగం చివర వినిపించే జైహింద్ నినాదానికి రూపమిచ్చిన వ్యక్తిగా హైదరాబాద్ ముద్దుబిడ్డ ఆబిద్ హసన్ సఫ్రానీ ప్రసిద్ధులు. నినాదం దేశమంతటా వ్యాపించినంతగా ఆయన జీవితం నేటి తరానికి పరిచయం కాలేదు.

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాద్‌లో, బ్రిటిష్ పాలనను వ్యతిరేకించిన కుటుంబంలో జన్మించారు. ఇంజనీరింగ్ విద్య కోసం జర్మనీ వెళ్ళారు. 1941లో బెర్లిన్ చేరిన నేతాజీ సుభాష్ చంద్రబోస్ పిలుపునందుకుని చదువుకు స్వస్తి చెప్పి, ఆయన వెంట నడిచారు.

ఉత్తర ఆఫ్రికా రణరంగంలో బందీలైన భారతీయ సైనికులను జర్మనీలోని అన్నాబర్గ్ శిబిరంలో ఉంచారు. వారిని స్వాతంత్ర్య సైన్యంలో చేర్పించే బాధ్యతలో ఆబిద్ హసన్ పాలుపంచుకున్నారు. బ్రిటిష్ వారికి విధేయతా ప్రమాణం చేసిన ఆ సైనికుల్లో చాలామంది మొదట సుముఖత చూపలేదు. పైగా వారు మతాల వారీగా వేర్వేరు రీతుల్లో పలకరించుకునేవారు. అందరికీ ఒకే పలకరింపు కావాలని నేతాజీ భావించగా, ఆబిద్ హసన్ సూచించిన జైహింద్ ఆమోదం పొందింది. కాషాయ వర్ణంపై గౌరవంతో ఆయన తన పేరుకు సఫ్రానీ అని చేర్చుకోవడం మత సామరస్యానికి నిదర్శనం.

1943 ఫిబ్రవరిలో కీల్ రేవు నుంచి యు-180 జలాంతర్గామిలో తూర్పు ఆసియాకు బయలుదేరిన నేతాజీ వెంట ఉన్న ఏకైక భారతీయ సహచరుడు ఆబిద్ హసనే. ఏప్రిల్ నెలాఖరున మడగాస్కర్ సమీప సముద్రంలో ఇరువురూ రబ్బరు పడవలో జపాన్ జలాంతర్గామి ఐ-29కి మారి, మే నెలలో సుమత్రా దరినున్న సబాంగ్ చేరారు. అనంతరం మేజర్ హోదాలో 1944 ఇంఫాల్ పోరాటంలో ఆయన పాల్గొన్నారు.

జపాన్ లొంగిపోయాక, 1945 ఆగస్టు 17న సైగాన్ వరకు ఆయన నేతాజీ వెంటే ఉన్నారు. అక్కడి నుంచి బయలుదేరిన జపాన్ బాంబర్ విమానంలో నేతాజీతో పాటు హబీబుర్ రెహ్మాన్ ఒక్కరికే చోటు లభించడంతో ఆబిద్ హసన్ ఆగిపోవలసి వచ్చింది. ఆ విమానం మరునాడు తైహోకులో కూలిపోయినట్లు షానవాజ్ కమిటీ 1956లో నిర్ధారించింది. ఒకనాడు యుద్ధ ఖైదీలకు స్వాతంత్ర్య సందేశం వినిపించిన ఆబిద్ హసన్ తానే బ్రిటిష్ వారికి ఖైదీ అయ్యారు. ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణలు ముగిసిన తరువాత విడుదలయ్యారు.

స్వాతంత్ర్యానంతరం విదేశాంగ సేవలో చేరి, ఈజిప్ట్, చైనా, ఇరాక్, డెన్మార్క్ తదితర దేశాల్లో దౌత్య బాధ్యతలు నిర్వర్తించి 1969లో పదవీ విరమణ చేశారు. తిరిగి హైదరాబాద్‌లోనే స్థిరపడి 1984లో కన్నుమూశారు.

విభిన్న మతాల సైనికులను ఒకే పలకరింపుతో ఏకం చేసిన ఆయన సేవలు చిరస్మరణీయం. జైహింద్ అని పలికే ప్రతి సందర్భంలోనూ ఈ హైదరాబాదీని స్మరించుకోవడం మనందరి కర్తవ్యం.